పాలమూరు బీళ్లలో తోడేలు: వేటగాడికి ఎదురుపడినప్పుడు అసలు జరిగేదేమిటి

వేటకు వెళ్లినవాడికి తోడేలు ఎదురుపడిందని ఎక్కడ విన్నా మన మనసులో ఒకే దృశ్యం మెదులుతుంది. చిక్కటి అడవి, నడిరాత్రి, చెట్ల చాటున మెరిసే కళ్లు, నాలుగు వైపుల నుంచి కమ్ముకొచ్చే గుంపు. ఈ దృశ్యం చాలావరకు మంచు దేశాల కథల నుంచి మనకు వచ్చింది. పాలమూరు, నారాయణపేట, నల్లగొండ ప్రాంతాలలో తోడేలు కనబడే చోటు వేరు, కనబడే తీరు వేరు, కనబడ్డాక జరిగేదీ వేరు. అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, తోడేలు ఎదురుపడటం అని మనం ఒకే పేరుతో పిలిచేది ఒకే రకం సంఘటన కానే కాదు. దారిలో తారసపడిన తోడేలు, పిల్లలున్న బొరియ దగ్గర నిలబడిన తోడేలు, వేటకుక్కను తరుముకుంటూ వచ్చిన తోడేలు, ఉచ్చులో చిక్కిన తోడేలు, పిచ్చెక్కిన తోడేలు దేనికది ప్రత్యేకం. వీటిలో ఆఖరిదాన్ని పక్కన పెడితే, మిగిలినవి ఎలా ముగుస్తాయన్నది మృగం స్వభావం కన్నా వేటగాడు వెంట ఏమి తీసుకువెళ్లాడు, ఏ కాలంలో వెళ్లాడు, వెళ్లి ఏమి చేశాడు అన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

ముందుగా చోటు సంగతి. మన తోడేలు చిక్కటి అడవిలో తిరగడానికి ఇష్టపడే జంతువు కాదు. 1831లో సైక్స్ అనే బ్రిటిష్ సైనికాధికారి దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసింది దక్కన్ పీఠభూమి నుంచే. గడ్డి బీళ్లు, ముళ్లపొదలు, రాతిగుట్టలు, వాగుల ఒడ్డున కోసుకుపోయిన గండ్లు దానికి తగిన తావులు. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాలలో 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపలి భాగం పులికి, చిరుతకు, రేసుకుక్కలకు చెందినది. తోడేలుకు అక్కడ పెద్దగా పని లేదు. దాని నేల ఆ అడవి అంచు దాటిన తరువాత మొదలవుతుంది. మక్తల్, మాగనూరు వైపు కృష్ణజింకలు తిరిగే కృష్ణా తీరం, పాలమూరులోని చెలకలు, కంచెలు, పశువులు మేసే ఉమ్మడి గైరాన్ భూములు, దేవరకొండ చుట్టుపక్కల గుట్టలు అలాంటివే. ఈ నేల జిల్లా సరిహద్దుతో ఆగిపోదు. పడమట రాయచూరు దాటితే కొప్పళ జిల్లాలోని బంకాపూర్ దగ్గర తోడేళ్ల కోసమే ఒక అభయారణ్యం ఏర్పాటు చేశారు. దక్షిణాన తుంగభద్ర దాటితే రోళ్లపాడు గడ్డి మైదానాలు వస్తాయి. ప్రభుత్వ రికార్డులలో ఇలాంటి భూమికి బంజరు అని పేరు పడటం వల్ల అక్కడ కాపాడవలసింది ఏమీ లేదన్న భావన బలపడింది. పులి ఉన్న అడవికి గేటు, చెక్‌పోస్టు, గార్డు ఉంటారు. తోడేలు ఉన్న బీడుకు ఏదీ ఉండదు. అందుకే మోటారు సైకిళ్ల మీద వచ్చే కుందేళ్ల వేటగాళ్లు, పందికి ఉచ్చులు పెట్టేవాళ్లు తిరిగేదీ, తోడేలు తిరిగేదీ ఒకే నేల మీద. ఇద్దరూ తారసపడటంలో ఆశ్చర్యం లేదు.

అయితే తారసపడింది తోడేలేనా అన్నది మొదట తేల్చుకోవలసిన విషయం. రాత్రిపూట తలకు కట్టుకున్న లైటు వెలుగులో కనబడేది రెండు మెరిసే కళ్లు మాత్రమే. ఆ మెరుపు నక్కకూ ఉంటుంది, ఊరకుక్కకూ ఉంటుంది, పిల్లికీ ఉంటుంది. పగటి వెలుగులో చూసినా పొరపాట్లు జరుగుతూనే ఉంటాయి. నక్క సుమారు పది కిలోల జంతువు, మూతి సన్నన, కాళ్లు పొట్టి. రేసుకుక్కది ఇటుక రంగు, గుబురుగా ఉండే తోక నల్లన. అది దట్టమైన అడవిని వదిలి చెలకల్లోకి రావడం అరుదు. దుమ్ములగొండి వీపు ముందు ఎత్తుగా ఉండి వెనక్కి వాలిపోతుంది, ఒంటి మీద చారలు ఉంటాయి. తోడేలు బరువు ఇరవై కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. ఊరకుక్కతో పోల్చి చూస్తే కాళ్లు పొడవు, ఛాతీ ఇరుకు, రంగు ఎండిన గడ్డిలో కలిసిపోయే బూడిద గోధుమ. నడిచేటప్పుడు తోక పైకి మెలితిరగకుండా కిందికే వేలాడుతుంది, దాని కొస నల్లన. ఒంటరిగానో జంటగానో, మహా అయితే ఆ ఏడు పిల్లలతో కలిసి చిన్న గుంపుగానో తిరుగుతుంది. యాభై తోడేళ్లు చుట్టుముట్టాయని ఎవరైనా చెబితే ఆ కథను అక్కడితో వదిలేయవచ్చు.

వేటగాడి మాట కన్నా జీవాలు కాసేవారి మాటకు ఎక్కువ విలువ ఇవ్వాలని నేను అనుకోవడానికి కారణం ఇక్కడే ఉంది. గొల్లకురుమలు నల్లగొర్రెల మందతో నెలల తరబడి ఊరికి దూరంగా ఉంటారు, కోతలయిన చేలలో ఎరువు కోసం మంద పెడతారు, ఆరుబయట గొంగడి కప్పుకుని మంద పక్కనే పడుకుంటారు. వారి చేతిలో కర్ర తప్ప ఏమీ ఉండదు. వేటగాడు ఏడాదిలో కొన్ని రాత్రులు తిరిగే నేల మీద వారు ఏడాది పొడుగునా ఉంటారు, పైగా తోడేలుకు కావలసిన ఆహారం వారి చుట్టూనే ఉంటుంది. తోడేలు నిజంగా మనిషి మీదికి వచ్చే జంతువే అయితే దానికి మొదట దొరకవలసింది ఈ కాపరి. జరిగేది మాత్రం మరొకటి. తోడేలు చీకటి పడే వేళకు మంద అంచున చేరి, వెనకబడిన గొర్రెపిల్లనో మేకపిల్లనో పట్టుకుని పోతుంది. కాపరి కేక వేస్తే, కర్ర విసిరితే, కుక్కను ఉసిగొలిపితే పట్టినదాన్ని కూడా వదిలి పారిపోతుంది. గొర్రె పోయిన కాపరి తోడేలును తిడతాడు, నష్టం లెక్క కడతాడు. తన ప్రాణం గురించి మాత్రం భయపడడు. తుపాకి ఉన్నవాడికి లేని నిబ్బరం కర్ర ఉన్నవాడికి ఎలా వచ్చిందన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

లెక్కలు కూడా కాపరి అనుభవానికి దగ్గరగానే ఉన్నాయి. నార్వే ప్రకృతి పరిశోధన సంస్థ 2002 నుంచి 2020 వరకు ప్రపంచమంతటా మనుషులపై జరిగిన తోడేలు దాడులలో నమ్మదగినవాటిని జల్లెడ పట్టి 2021లో ఒక నివేదిక ఇచ్చింది. ఆ కాలంలో దాడికి గురైనవారు 489 మంది. వారిలో 380 మందిని కరిచినవి రేబిస్ సోకిన తోడేళ్లు. 67 మందిపై దాడి ఆహారం కోసం జరిగింది. మిగిలిన 42 మంది తోడేలును మూలకు నెట్టడమో, ఉచ్చులోంచి తీయబోవడమో, బొరియలో చేయి పెట్టడమో వంటి రెచ్చగొట్టే పనుల వల్ల గాయపడినవారు. మరణాలు 26, అందులో 14 రేబిస్ వల్లే. ఆహారం కోసం జరిగిన దాడులను తక్కువ చేయనక్కర లేదు, వాటిలో మన దేశానిది పెద్ద వాటాయే. 1993 నుంచి 1995 వరకు హజారీబాగ్ ప్రాంతంలో, 1996లో తూర్పు ఉత్తరప్రదేశ్‌లో, 2024లో బహ్రాయిచ్‌లో తోడేళ్లు పిల్లలను ఎత్తుకుపోయిన ఘటనలు దేశాన్ని కుదిపేశాయి. కానీ అక్కడ బలైనవారు ప్రధానంగా ఊరి అంచున, ఇళ్ల ముందు ఉన్న చిన్నపిల్లలు. ఎదిగిన మనిషి, అందులోనూ ఆయుధం పట్టుకుని గుంపుగా తిరిగే వేటగాడు ఆ కోవలోకి రాడు. వేటగాడికి వర్తించేవి మిగిలిన రెండు కోవలు: రేబిస్, రెచ్చగొట్టడం.

అమెరికాలో రాకీ పర్వతాల వైపు ఎల్క్ అనే పెద్ద దుప్పిని వేటాడేవారు తోడేళ్లు తమను వెంబడించాయని చెప్పే కథలు ఇప్పుడు మన ఫోన్లలోకి కూడా వస్తున్నాయి. అక్కడి పరిస్థితి తెలియకుండా వాటిని ఇక్కడికి అన్వయించడం పొరపాటు. ఎల్లోస్టోన్, ఇడాహో ప్రాంతాలలోకి 1995, 1996 సంవత్సరాలలో కెనడా నుంచి తెచ్చి వదిలిన తోడేళ్ల సంతతి అక్కడ విస్తరించింది. ఒక్కొక్కటి మన తోడేలుకు రెండింతల బరువు ఉంటుంది. ఆ వేటగాడు దుప్పిని రప్పించడానికి దాని కూతను అనుకరిస్తాడు, చుట్టూ ఉన్న చెట్ల రంగులో కలిసిపోయే బట్టలు వేసుకుని కదలకుండా పొదలో కూర్చుంటాడు. ఆ కూత విన్న తోడేలు వెతుక్కుంటూ వచ్చేది దుప్పిని. మనిషి లేచి నిలబడి తాను మనిషినని తెలియజేసిన వెంటనే చాలాసార్లు కథ ముగిసిపోతుంది. అన్ని తోడేళ్లు, అంతమంది వేటగాళ్లు ఉన్న ఉత్తర అమెరికా ఖండంలో ఈ శతాబ్దంలో అడవి తోడేళ్ల వల్ల జరిగినవిగా నమోదైన మరణాలు రెండే, 2005లో కెనడాలోని సస్కాచెవాన్‌లో ఒకటి, 2010లో అలాస్కాలో ఒకటి. ఆ ఇద్దరూ వేటగాళ్లు కారు.

ఆ కూత సంగతి మాత్రం మనకు పనికివచ్చే పాఠమే, ఎందుకంటే పాలమూరు వేటలో కూడా తోడేలును పిలిచేది వేటే. వలలో పడిన కుందేలు గొంతు చించుకుని అరుస్తుంది. ఆ అరుపు నిశ్శబ్దమైన బీడులో చాలా దూరం వినబడుతుంది, నక్కకూ తోడేలుకూ అది ఆహారం ఉందన్న కబురు. ఆ తరువాత వేటగాళ్లు అక్కడే కోసి, పేగులు పారేసి, నెత్తురోడే సంచిని భుజాన వేసుకుని నడుస్తారు. వెనక కొంత దూరంలో ఒక తోడేలు నడిచి వస్తే, తనను పొంచి వెంబడిస్తోందని వేటగాడు భయపడతాడు. దాని ముక్కు మాత్రం సంచి మీద ఉంటుంది. ఇలాంటప్పుడు పరుగెత్తడం పనికిరాదు. తిరిగి దానికి ఎదురుగా నిలబడి, లైటు వేసి, గట్టిగా అరిచి, మెల్లగా వెనక్కి నడిస్తే చాలు, మామూలు తోడేలు అంతకు మించి దగ్గరికి రాదు.

కుక్కలు వెంట ఉంటే లెక్క మారిపోతుంది. తోడేలు దృష్టిలో కుక్క తన నేల మీదికి వచ్చిన పరాయి తోడేలు లాంటిదే. మనిషిని చూసి పక్కకు తప్పుకునే తోడేలు కుక్కను చూసి నిలబడుతుంది, తరుముతుంది కూడా. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎలుగుబంటి వేటకు వదిలిన కుక్కలను తోడేళ్లు చంపడం ఎంత మామూలైపోయిందంటే, ఒక్కో కుక్కకు 2,500 డాలర్ల వరకు ప్రభుత్వమే పరిహారం ఇచ్చే పద్ధతి పెట్టారు. మన దగ్గర నాలుగైదు వేటకుక్కల ముందు ఇరవై కిలోల తోడేలుది పైచేయి కావడం కష్టం, నష్టపోయేది ఎక్కువగా తోడేలే. కానీ మనిషికి ప్రమాదం వచ్చే తీరు ఒకటుంది. ముందు ఉరికిన ఒంటరి కుక్క తోడేలును చూసి బెదిరి, రక్షణ కోసం యజమాని కాళ్ల దగ్గరికే పరుగెత్తుకు వస్తుంది, దాని వెనకే తోడేలు. లైటు వెలుగులో ఆ క్షణం చూసినవాడికి తోడేలు తన మీదికే దూకుతున్నట్టు కనబడుతుంది, నాటు తుపాకి పేలుతుంది. తరువాత చెప్పుకునే కథలో కుక్క ఉండదు. కుక్కల వల్ల తోడేలుకు జరిగే హాని కాల్పులతోనే ఆగదు. రేబిస్, డిస్టెంపర్ వంటి జబ్బులు కుక్కల నుంచే దానికి అంటుకుంటాయి. కుక్కలతో సంకరం జరుగుతోందని పుణె దగ్గర జన్యు పరీక్షల ద్వారా 2023లో రుజువైంది.

కాలం గురించి వేటగాళ్లు పెద్దగా ఆలోచించరు కానీ, అన్నిటికన్నా ఎక్కువ తేడా తెచ్చేది అదే. మన తోడేళ్లు ఎక్కువగా చలికాలంలో ఈనుతాయి. వాగు ఒడ్డున మెత్తటి మట్టిలో తవ్విన బొరియలోనో, గుట్ట రాళ్ల సందులోనో పిల్లలను ఉంచి, తల్లిదండ్రులు రెండూ కాపలా కాస్తాయి. సరిగ్గా అదే కాలంలో, సంక్రాంతికి ముందు వెనకల, వానాకాలం పంటలు ఇంటికి చేరి, చేలు ఖాళీ అయి, కుందేళ్ల వేట జోరందుకుంటుంది. మామూలు రోజులలో మనిషి అలికిడికి మాయమైపోయే తోడేలు బొరియ దగ్గర మాత్రం అలా పోదు. కనబడేటట్టుగా కొంత దూరంలో నిలబడుతుంది, మొరుగుడుకూ ఊళకూ మధ్యగా ఉండే గొంతుతో అరుస్తుంది, మనం నడిస్తే పక్కనే సమాంతరంగా నడుస్తుంది. వేటగాడు దీన్ని తెగింపు అనుకుంటాడు, అది అతన్ని అక్కడి నుంచి సాగనంపుతోంది. వచ్చిన దారినే వెనక్కి తిరిగితే చాలు. కుక్కలు బొరియను పసిగడితే మాత్రం పిల్లలు మిగలవు, పెద్ద తోడేలు మనిషి కాళ్ల మధ్యకు రావడానికి కూడా వెనుకాడదు.

ఉచ్చులో చిక్కిన తోడేలు దగ్గరికి వెళ్లడం అన్నిటికన్నా తెలివి తక్కువ పని. అడవి పంది కోసం బిగించిన క్లచ్ వైరు ఉచ్చు పందిని, తోడేలును వేరు చేసి చూడదు. తెల్లవారి చూసుకోవడానికి వచ్చినవాడికి నడుము తెగుతున్న తోడేలు ప్రాణాలతో కనబడితే, దానికి పారిపోయే దారి లేదు కాబట్టి కరవడమొక్కటే మిగిలిన దారి. దాన్ని విడిపించే పని మత్తు ఇచ్చే సాధనాలున్న అటవీ సిబ్బందిది. వారికి కబురు చేస్తే తన ఉచ్చు బయటపడుతుందని పెట్టినవాడు చేయడు, కర్రలతో కొట్టి చంపి వాగులో పూడ్చేస్తాడు. దక్కన్ తోడేళ్ల చావులలో ఇలా ఎవరికీ తెలియకుండా పోయేవి ఎన్నో ఉంటాయి.

ఇక్కడ చట్టం గురించి చెప్పకపోతే విషయం సగమే అవుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో తోడేలు మొదటి షెడ్యూలులో, అంటే పులి ఉన్న చోటనే ఉంది. దేశం మొత్తం మీద సుమారు మూడు వేల తోడేళ్లే మిగిలాయని అంచనా, పులుల సంఖ్య కన్నా ఇది తక్కువ. 2022 సవరణ తరువాత మొదటి షెడ్యూలు జంతువును వేటాడినవారికి మూడు నుంచి ఏడేళ్ల జైలు, ఇరవై ఐదు వేల రూపాయలకు తగ్గని జరిమానా పడతాయి. వేట అంటే చంపడమే అని చాలామంది అనుకుంటారు. సెక్షన్ 2 ప్రకారం పట్టుకోవడం, ఉచ్చు పన్నడం, విషం పెట్టడం, తరమడం, ఎర వేయడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం కూడా వేటే.

ఆత్మరక్షణ కోసం చంపాను అన్న మాట చెల్లుతుందా అన్నది అందరూ అడిగే ప్రశ్న. సెక్షన్ 11 ప్రకారం తననో మరొకరినో కాపాడుకోవడానికి సదుద్దేశంతో వన్యప్రాణిని చంపినా గాయపరిచినా నేరం కాదు. దీన్ని పట్టుకునే ప్రతి వేటగాడూ ధైర్యం చెప్పుకుంటాడు. కానీ ఆ వెంటనే ఉన్న మినహాయింపును ఎవరూ చదవరు. రక్షించుకోవలసిన అవసరం వచ్చిన సమయానికి ఆ మనిషి ఇదే చట్టాన్ని ఉల్లంఘించే పనిలో ఉంటే ఈ రక్షణ అతనికి వర్తించదు. అనుమతి లేకుండా కుందేలును వేటాడటమూ నేరమే, పందికి ఉచ్చు పెట్టడమూ నేరమే. కాబట్టి గొర్రెలు కాస్తున్న కాపరి ప్రాణభయంతో తోడేలును కొట్టి చంపితే చట్టం అతని మాట వింటుంది, అదే తోడేలును అదే రాత్రి అదే గుట్ట మీద కుందేళ్ల వేటగాడు కాల్చి చంపితే వినదు. చచ్చిన తోడేలు కళేబరం రెండు సందర్భాలలోనూ ప్రభుత్వ ఆస్తే. తోలు, గోళ్లు ఇంటికి తెచ్చుకుంటే మరో నేరం. పంటలు పోగొట్టుకుంటున్న రైతుకు పందుల మీద ఉన్న కోపం న్యాయమైనదే, దానికి అటవీ శాఖ అనుమతితో పందులను కాల్చే పద్ధతి ఉంది. తోడేలు విషయంలో ఆ వెసులుబాటు కూడా లేదు. అది మనుషుల ప్రాణాలకు ప్రమాదకరంగా మారిందనో, బాగుపడని జబ్బుతో ఉందనో తేలితేనే, రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వగలడు. గొర్రెలు పోవడం అందుకు కారణం కాజాలదు.

ఆ బాగుపడని జబ్బే అన్నిటిలోకీ నిజమైన ప్రమాదం. పిచ్చెక్కిన తోడేలును ఇంతవరకు చెప్పిన ఏ లెక్కతోనూ కొలవలేము. అది ఆహారం కోసం రాదు, పిల్లల కోసం రాదు, కేకకు బెదరదు. పట్టపగలు ఊళ్లోకి నడిచి వస్తుంది, కంటబడిన మనిషినీ పశువునూ కరుచుకుంటూ, ఆగకుండా ఒక ఊరి నుంచి మరో ఊరికి పోతుంది. తడబడే నడక, కారే చొల్లు, కారణం లేకుండా రాళ్లను కర్రలను కొరకడం దాని గుర్తులు. ముఖం మీద, తల మీద, చేతుల మీద లోతుగా కరుస్తుంది, మెదడుకు దగ్గరి గాయం కాబట్టి రేబిస్ త్వరగా బయటపడే ప్రమాదం ఎక్కువ. గాయాన్ని వెంటనే ధారగా పడే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలపాటు కడగాలి, పసుపు, సున్నం, కారం వంటివి పెట్టకూడదు, కుట్లు వేయించుకోవడానికి తొందరపడకూడదు. టీకాతో పాటు గాయంలోనే వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ తప్పనిసరి. కరిచిన తోడేలు పిచ్చిదో మామూలుదో తేలేదాకా ఆగడానికి కూడా వీలు లేదు, అడవి జంతువు కాటును రేబిస్ కాటుగానే చూడాలి.

చట్టం, జబ్బు ఒకదానికొకటి అడ్డుపడేది ఇక్కడే. ఉచ్చు దగ్గరో, రాత్రి వేటలోనో కాటుపడినవాడు కేసు అవుతుందన్న భయంతో ఊరకుక్క కరిచిందని చెబుతాడు, లేదా ముళ్లు గీరుకున్నాయని ఇంట్లోవాళ్లకు చెప్పి ఊరుకుంటాడు. కుక్క అని చెప్పినా టీకా మొదలవుతుంది కాబట్టి ఆ అబద్ధం వల్ల వచ్చే నష్టం తక్కువే. కానీ చుట్టుపక్కల ఊళ్లకు హెచ్చరిక అందదు, పిచ్చి తోడేలు ఇంకా తిరుగుతోందన్న సంగతి పశువైద్యులకు, అటవీ సిబ్బందికి తెలియదు. ముళ్లు అని చెప్పి ఊరుకున్నవాడికి మాత్రం రేబిస్ లక్షణాలు కనబడటం మొదలైన తరువాత చేయగలిగిన వైద్యం లేదు. ఆసుపత్రిలో వైద్యుడికి ముందు తెలియవలసింది ఏ జంతువు కరిచింది, ఎప్పుడు, ఎంత లోతున, ఎక్కడ అన్న నాలుగు సంగతులే. ఆ రాత్రి అక్కడ ఏం చేస్తున్నావన్నది ఆ గదిలో వచ్చే ప్రశ్న కాదు.